డ్రమ్ములో ముంచిన మగ్గు

ఆ రోజు ఇంట్లో ఎవరెవరున్నారంటే, వసారాలో కుట్టుమిషను ముందు నాన్న, వంటగది గుమ్మంలో కాళ్ళు బార్లా చాపుకుని నాయనమ్మ, వెనక గదిలో కిటికీ పక్క మంచం మీద అక్క, అక్క పక్కన పాత మెత్తటి చీర ముక్కలో చుట్టిన బిడ్డ. ఆ బిడ్డ లోకంలోకి వచ్చి ఇంకా వారమైనా కాలేదు. ఈ గదిలోంచి ఆ గదిలోకి, ఆ గదిలోంచి ఈ గదిలోకి చప్పుడు లేకుండా తిరుగుతూ అక్క చెల్లెలు సందడి. వీళ్ళందరూ ఆ వేళకి ఇంట్లో ఉండేవాళ్ళే. ఉండని మనిషి ఒకతె మాత్రం ఆ రోజు ఉంది. అత్త.

అత్త చిన్నాసుపత్రిలో ఆయా. ఒళ్ళు కాలిపోతున్నా సెలవు పెట్టే రకం కాదు. "నేను వెళ్ళకపోతే అక్కడ చీపురు కూడా లేవదు" అనేది. అలాంటి మనిషి ఆ పొద్దున డ్యూటీ చీర కట్టుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ చెప్పులు విప్పేసి లోపలికి వచ్చింది. ఎవరూ అడగకుండానే "తలనొప్పిగా ఉంది" అంది. కానీ పడుకోలేదు. వెనక గదికి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

సందడి అన్నది ముద్దుపేరు. ఇంట్లో ఉందో లేదో తెలియనంత నెమ్మదైన పిల్లకి నాన్న వేళాకోళంగా పెట్టాడు, అదే నిలిచిపోయింది. బళ్ళో టీచరు పాఠం చదవమంటే లేచి నిలబడుతుంది, పుస్తకం పట్టుకుంటుంది, పెదాలు కదుపుతుంది, ఒక్క ముక్కా బయటికి రాదు. ఇంటికి ఎవరైనా వస్తే తలుపు చాటున నిలబడి వాళ్ళ కాళ్ళనే చూస్తుంది. వాళ్ళ అమ్మ విషజ్వరంతో పోయేనాటికి సందడికి ఊహ కూడా సరిగ్గా తెలియదు. అప్పటి నుంచి అక్కనీ సందడినీ అత్తే పెంచింది. అక్కకి పెళ్ళయి పక్క వీధిలోనే కాపురం పెట్టినా, అక్కడ చూసుకునే ఆడదిక్కు లేదని కాన్పయ్యాక అత్త ఇక్కడికే తీసుకొచ్చింది.

"ఎంత బుద్ధిమంతురాలే నా తల్లి! కిక్కురుమనదు," అంది నాయనమ్మ గుమ్మంలోంచే. "దీని అమ్మ పుట్టినప్పుడు వీధి వీధంతా నిద్రపోనివ్వలేదు. ఇదంతా పిన్ని పోలికే."

"నోట్లో నాలుక ఉందో లేదో చూడండి ఒకసారి," అన్నాడు నాన్న మిషను తొక్కుతూనే. "ఒక సందడితోనే వేగలేకపోతున్నాం. రెండో సందడి కూడానా!"

అందరూ నవ్వారు. అక్క కూడా నీరసంగా నవ్వింది. అత్త నవ్వలేదు. ఆవిడ మంచం పక్కన వంగి, చీర ముక్క కొద్దిగా తొలగించి, బిడ్డ పాదానికి తన చేతి వెనక వైపు ఆనించి చూస్తోంది. వేడి చూసేటప్పుడు అరచెయ్యి కాదు, చేతి వెనక వైపు పెట్టాలని అత్తే ఒకప్పుడు సందడికి నేర్పింది. అత్త అలా చూసి, గుడ్డ కప్పేసి, కిటికీ రెక్క మూసేసి వెళ్ళిపోయింది. కాసేపటికి వచ్చి మళ్ళీ అదే పాదం చూసింది. తలుపు చాటున నిలబడ్డ సందడిని ఆవిడ గమనించలేదు.

అత్త భయపడటం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. ఎవరికైనా కాన్పు కష్టమైతే నర్సమ్మ చేతులు వణుకుతాయట కానీ అత్త చేతులు వణకవట. ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఇప్పుడు ఆ చేతులే చీర కొంగుని ఉండ చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ ఉన్నాయి.

ఎండ నడినెత్తికి వచ్చింది. నాన్న ఎవరిదో కోటు గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఆయన కత్తెర ఇనుపది, పాతది, సందడి రెండు చేతులతో ఎత్తాల్సినంత బరువు. అది బల్ల అంచు నుంచి జారి రాతి నేల మీద పడింది. ఠంగుమని ఇల్లంతా మోగింది. నాయనమ్మ "అమ్మో!" అని గుండెల మీద చెయ్యేసుకుంది. కునుకు తీస్తున్న అక్క ఉలిక్కిపడి లేచింది. వీధిలో కుక్క మొరిగింది.

బిడ్డ కదలలేదు.

అప్పుడు సందడి మంచం పక్కనే ఉంది. చూస్తూనే ఉంది. పుట్టిన రోజున చిన్నాసుపత్రిలో స్టీలు గిన్నె మూత పడితే ఇదే బిడ్డ రెండు చేతులూ విసిరి, గుప్పిళ్ళు విప్పి, మొహం కందగడ్డలా చేసుకుని ఏడ్చింది. ఇప్పుడు కనురెప్ప కూడా ఆడలేదు. చెయ్యి గుడ్డలోంచి బయటికి వేలాడుతోంది. సందడి తన వేలు ఆ అరచేతిలో పెట్టింది. మొన్నటి దాకా పట్టుకుంటే వదిలేది కాదు. ఇప్పుడు ఆ వేళ్ళు ముడుచుకోలేదు.

"అక్కా, పాలు తాగిందా?" అంది. గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ అడిగింది.

"పొద్దున కాస్త నోట్లో పెట్టుకుంది. నిద్రమత్తులో ఉందే, లేపితే లేవడం లేదు," అంది అక్క. "అత్త చూసింది కదా. పడుకుంటే పెరుగుతారంది."

సందడి వంగి చీర ముక్క విప్పింది. బొడ్డు దగ్గర వాసన వేసింది. మూలన పడేసిన తడి గుడ్డ వాసన లాంటిది. బొడ్డు చుట్టూ చర్మం ఎర్రగా ఉబ్బి ఉంది. బయట అంత ఎండగా ఉంటే బిడ్డ కాళ్ళు మోకాళ్ళ దాకా చల్లగా ఉన్నాయి.

వంటగదిలోకి వెళ్ళి "నాయనమ్మా, పాప కాళ్ళు చల్లగా ఉన్నాయి," అంది.

"కిటికీ తీసి పెట్టుంటారు. ముయ్యి."

"మూసే ఉంది."

"అయితే ఇంకో గుడ్డ కప్పవే. కాళ్ళు చల్లగా ఉన్నాయని కచేరీ పెడతావా? ఇవాళ నీకు మాటలొచ్చాయేమిటి!"

సందడి అక్కడే నిలబడింది. నీళ్ళ బిందె మీద మూత పెట్టి ఉంది. అత్త చెప్పిన పద్ధతి అది. ఇంట్లో బిడ్డకి ఏం చేసినా కాచి, మూత పెట్టి, దానంతటది చల్లారిన నీళ్ళే వాడుతున్నారు. బిందె రోజూ బోర్లించి, పీచుతో లోపలంతా తోమి, ఆరబెట్టి నింపుతారు. అంత జాగ్రత్తలో ఉన్న బిడ్డకి ఇలా ఎందుకయింది? ఆ ప్రశ్న మనసులోకి రాగానే ఆ పిల్ల కళ్ళ ముందు నీలం డ్రమ్ము కనబడింది.

చిన్నాసుపత్రిలో కాన్పుల గదిలో కుళాయి ఉంది. దాని మూతికి గుడ్డ కట్టి ఉంటుంది. మోటారు కాలిపోయి ఎన్నాళ్ళయిందో, నీళ్ళు రావు. అందుకని మూలన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము పెట్టారు. ట్యాంకరు వచ్చినప్పుడు నింపుతారు. ట్యాంకరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఆ డ్రమ్ముని ఎన్నడూ ఖాళీ కానివ్వరు. అడుగున మిగిలిన నీళ్ళు పారబోయడానికి ఎవరికీ మనసొప్పదు. పాత నీళ్ళ మీదే కొత్త నీళ్ళు. అందులో ఎర్ర మగ్గు ఒకటి తేలుతూ ఉంటుంది. చేతులు కడుక్కోవడానికీ అదే, నేల కడగడానికీ అదే.

అక్క కాన్పు రోజున సందడి గుడ్డలు పట్టుకుని ఆ గది గుమ్మంలోనే ఉంది. బిడ్డ పుట్టగానే నర్సమ్మ శుభ్రంగా తుడిచి, "ఇప్పుడే స్నానం వద్దు. తల్లి ఒంటికి ఆనించి పడుకోబెట్టండి," అని చెప్పి, పక్క మంచం మీద నొప్పులు పడుతున్న తాపీమేస్త్రి భార్య దగ్గరికి పరుగెత్తింది. అత్త మనసు ఆగలేదు. "ఊళ్ళోవాళ్ళ పిల్లల్నందరినీ ముత్యాల్లా చేసి ఇచ్చాను. మన పిల్లని ఇలా జిడ్డోడుతూ ఇంటికి పట్టుకుపోతానా?" అంది. స్టవ్వు మీద గిన్నెడు నీళ్ళు పెట్టి తెర్లేదాకా కాచింది. అత్త నీళ్ళు కాచడంలో ఏనాడూ ఏమరుపాటు లేదు. కానీ ఆ నీళ్ళు చల్లారేదాకా ఆగడానికి ఆ రోజు తీరిక లేదు. మోచెయ్యి ముంచి చూసి, "అబ్బ, కాలుతున్నాయి," అని, డ్రమ్ములోంచి ఎర్ర మగ్గుతో ముంచి అందులో పోసింది. గోరువెచ్చగా అయ్యాయి.

డ్రమ్ములో నీళ్ళు బాగా కిందికి ఉన్నాయి. అత్త భుజం దాకా వంగి ముంచాల్సి వచ్చింది. చెయ్యి బయటికి వచ్చినప్పుడు గాజుల మీద పచ్చటి పాచి జిగురుగా అంటుకుని ఉంది. ఆవిడ అది కొంగుకి తుడుచుకుంది, అదే చేత్తో బిడ్డ బొడ్డు దగ్గర తడిపి కడిగింది. కాసేపటికి మేస్త్రి భార్యకీ కాన్పయింది. వాళ్ళమ్మ చూసి, "మా పిల్లాడికి కూడా రెండు చెంబులు పొయ్యమ్మా, నీ చెయ్యి చల్లనిది," అంది. అత్త పొంగిపోయి అదే గిన్నెలో మిగిలిన నీళ్ళతో వాడికీ పోసింది.

సందడి అప్పుడు ఆ పాచిని చూసింది. చూసి, అత్తకి తెలియకుండా ఉంటుందా అనుకుంది.

వీధిలో పాల వ్యాను ఆగింది. బావ వచ్చాడు. పొద్దున్నే పల్లెలు తిరిగి పాలు కేంద్రంలో దింపి, ఆ వేళకి బిడ్డని చూసుకోవడానికి వస్తాడు. ఎప్పుడూ గుమ్మంలోనే "మహారాణిగారు లేచారా?" అని కేకేసేవాడు. ఆ రోజు కేకెయ్యలేదు. చెప్పులతోనే వసారా ఎక్కాడు.

"మామయ్యా, విన్నావా? మేస్త్రి కొడుకుని తెల్లారగట్ల పెద్దాసుపత్రికి తీసుకుపోయారట. మన పాపతో పాటు పుట్టాడే, వాడు. పాలు తాగడం మానేసి నీలంగా అయిపోయాడట."

మిషను ఆగిపోయింది.

"అత్తా, నీకు తెలియదా?" అన్నాడు బావ లోపలికి చూస్తూ. "వాడికి బాగోలేదని మీ వాచ్‌మన్ రాత్రే వచ్చి నీకు చెప్పానన్నాడు."

అత్త వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. "వాళ్ళు ఏ నాటు మందో నాకించి ఉంటారు," అంది. "ఎంత చెప్పినా వింటారా? వాళ్ళింట్లో వెయ్యి మంది సలహాలిచ్చేవాళ్ళు. మన పిల్లకేం? లక్షణంగా పడుకుంది. నేను చూస్తూనే ఉన్నాను."

అవును, చూస్తూనే ఉంది అనుకుంది సందడి. పొద్దున్నుంచీ ఆ పాదమే చూస్తోంది. అత్తకి తెలుసు. తెలిసి, కాదనుకోవాలని చూస్తోంది. ఆ మాట తోచగానే సందడికి ఇల్లు ఇల్లంతా ఊపిరి బిగపట్టినట్టు అనిపించింది. మేస్త్రి కొడుకు నీలంగా అయిపోయాడు. రేపో, ఈ సాయంత్రమో, కాసేపట్లోనో ఈ పాప కూడా.

పరుగున మంచం దగ్గరికి వెళ్ళింది. గుడ్డ పూర్తిగా తీసేసింది. బిడ్డ ఊపిరి తీసుకుంటోంది కానీ అది నిద్రలో ఉన్న ఊపిరి కాదు. కుక్కపిల్ల ఎగరొప్పుతున్నట్టుంది. ఊపిరి లోపలికి పోయినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంట పడుతోంది. సన్నగా, గొంతులోంచి, మూలుగు వస్తోంది. ఆ మూలుగునే ఇంతసేపూ అందరూ నిద్ర అనుకున్నారు.

ఆ పిల్ల నోరు తెరిచింది. బళ్ళో పాఠం చదవమన్నప్పుడు అయ్యేదే అయింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ఇక చేతుల్నే నమ్ముకుంది. బిడ్డని ఎత్తి గుండెకి అదుముకుని, అందరి మధ్యలోంచి నడిచి, వసారా దాటి, వ్యాను మెట్టెక్కి కూర్చుంది.

"ఏయ్! పిచ్చా దీనికి? ఎండలో పసిగుడ్డుని పట్టుకుని ఎక్కడికే?" నాయనమ్మ కర్ర వెతుక్కుంటూ లేచింది.

"దింపు దాన్ని!" అత్త ఒంటి కాలి మీద లేచింది. "నాకు లేని భయం నీకా? నీకెంత వయసని నీకెంత తెలుసని?"

"అది ఊపిరి తీసుకోలేకపోతోంది," అంది సందడి. ఈసారి వచ్చింది మాట. అరుపులా వచ్చింది. వీధిలో వెళ్తున్న సైకిలతను ఆగి చూశాడు. "బావా, పద. పెద్దాసుపత్రికి పద. నీ కాళ్ళకి మొక్కుతాను, పద!"

సందడి అరవడం ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినలేదు. దానికే సగం భయపడిపోయారు. బావ వచ్చి బిడ్డ ఛాతీ మీద పడే గుంట చూశాడు. వెళ్ళి ఇంజను స్టార్టు చేశాడు. అక్క గోడ పట్టుకుంటూ, కడుపు నొక్కుకుంటూ వచ్చింది, నాన్న ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టి బిడ్డని ఆమె ఒళ్ళో పెట్టాడు. అత్త ఒక్క క్షణం గుమ్మంలోనే ఆగింది. తర్వాత బిడ్డ గుడ్డలు గబగబా సంచిలో కుక్కి, చెప్పులు లేకుండానే పరుగెత్తుకొచ్చి వెనకెక్కింది. నాన్న, నాయనమ్మ వీధిలో నిలబడిపోయారు.

వెనక ఖాళీ పాల క్యాన్ల మధ్య అత్తా సందడీ ఎదురెదురుగా కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకుని చెవులు చిల్లులు పడేలా మోగాయి. పులిసిన పాల వాసన. ముందు సీటు వెనకున్న అద్దంలోంచి అక్క తల కనబడుతోంది, వంగి ఉంది. ఆ తల ఎత్తినప్పుడల్లా సందడికి ప్రాణం పోయి వచ్చింది. ఏడుస్తూ ఎత్తుతోందా, ఊరికే ఎత్తుతోందా?

"నీళ్ళు కాచే పోశాను," అంది అత్త ఉన్నట్టుండి. ఎవరితో అన్నదో తెలియదు. "తెర్లేదాకా కాచాను. నువ్వు కూడా చూశావు కదా?"

"చూశాను," అంది సందడి.

"మరి?"

"తర్వాత డ్రమ్ములోవి కలిపావు, అత్తా."

క్యాన్లు మోగాయి. "ఎప్పుడూ అలాగే చేస్తాం," అంది అత్త. "కాలే నీళ్ళు పసిపిల్లల మీద ఎవరైనా పోస్తారా? ఇన్నేళ్ళుగా ఇన్ని వందల మంది పిల్లలు. ఎవరికేమైంది?" తర్వాత ముందుకు వంగి సందడి మోకాలు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. "అక్కడ నువ్వేం మాట్లాడకు. నేను చెప్తాను. వాళ్ళకెలా చెప్పాలో నాకు తెలుసు. విన్నావా? నా ఉద్యోగం పోతే పోయింది, ఊళ్ళో నా చేతి నీళ్ళు ఎవరైనా ముట్టుకుంటారా? మేస్త్రి వాళ్ళు నన్ను బతకనిస్తారా?"

ఆ చేత్తోనే తనకి అన్నం కలిపి పెట్టింది, ఆ చేత్తోనే జ్వరమొస్తే నుదుటి మీద తడిగుడ్డ వేసింది. సందడి తల ఊపింది. అవుననో కాదనో తనకే తెలియకుండా ఊపింది.

పెద్దాసుపత్రిలో పిల్లల విభాగం పొడుగాటి వసారా చివర ఉంది. ఒక నర్సు బిడ్డని అక్క చేతుల్లోంచి తీసుకుని బల్ల మీద దీపం కింద పడుకోబెట్టింది. డాక్టరమ్మ సన్నగా, అలసిపోయిన కళ్ళతో ఉంది. చెవులకి గొట్టాలు పెట్టుకుని బిడ్డ ఛాతీ విన్నది, బొడ్డు దగ్గర వంగి చూసింది, పాదం నొక్కి వదిలింది. నొక్కిన చోట తెలుపు అలాగే ఉండిపోయింది, ఎంతకీ ఎరుపు తిరిగి రాలేదు. డాక్టరమ్మ మొహం బిగుసుకుంది.

"ఎక్కడ పుట్టింది?"

అత్త చెప్పింది.

"పొద్దున వచ్చిన బాబు కూడా అక్కడే," అంది డాక్టరమ్మ నర్సుతో. నర్సు తల దించుకుంది. ఆ తల దించుకోవడం సందడి చూసింది. వాడేమయ్యాడని అడగాలనుకుంది. అడగలేకపోయింది. మూలన బల్ల మీద తాపీమేస్త్రి తలకి కట్టుకునే తువ్వాలుతో మొహం కప్పుకుని కూర్చుని ఉన్నాడు, పక్కన ఎవరూ లేరు.

"బిడ్డకి స్నానం చేయించారా? ఏ నీళ్ళతో?" డాక్టరమ్మ సూది సిద్ధం చేస్తూనే అడుగుతోంది. "సరిగ్గా చెప్పండి. నేను ఎవర్నీ తప్పు పట్టడానికి అడగడం లేదు. ఏ మందు మొదలుపెట్టాలో తేల్చుకోవాలి. ఇంటి దగ్గర అంటుకున్న జబ్బయితే ఒకటి. నిలవ నీళ్ళలో పెరిగే క్రిములైతే చాలాసార్లు మామూలు మందుకి లొంగవు. తప్పు మందు ఇచ్చి రేపటిదాకా చూసే టైం ఈ పిల్లకి లేదు."

"కాచిన నీళ్ళేనమ్మా," అంది అత్త. "నేనక్కడ ఆయాని. నా చేత్తో నేనే కాచాను. బాగా తెర్లేదాకా కాచాను."

అది అబద్ధం కాదు. డాక్టరమ్మ తల ఊపి, బల్ల మీద ఉన్న రెండు మందుల సీసాల్లో ఒక దాని మీద చెయ్యి వేసింది. అక్క గోడకి ఆనుకుని బిడ్డనే చూస్తోంది, ఆమెకి ఏ మాటా వినపడుతున్నట్టు లేదు. బావ కళ్ళు మూసుకున్నాడు. బిడ్డ ఊపిరి ఆగింది. చాలాసేపు ఆగినట్టనిపించింది. నర్సు వేలితో పాదం మీద తట్టింది. మళ్ళీ వచ్చింది.

"డ్రమ్ములోవి కలిపారు," అంది సందడి.

గదిలో అందరూ ఆ పిల్ల వైపు తిరిగారు. అందరూ చూస్తుంటే తనకి మాట రాదని తెలుసు. అందుకని బిడ్డ పాదం మీదే చూపు నిలిపి మాట్లాడింది. "కాచాక కాలుతున్నాయని డ్రమ్ములోవి కలిపారు. డ్రమ్ముకి లోపలంతా పచ్చటి పాచి. ఎప్పుడూ తోమరు. మేస్త్రి వాళ్ళ బాబుకీ అవే నీళ్ళు. బొడ్డు కూడా వాటితోనే కడిగారు. నేను గుమ్మంలో ఉన్నాను. నేను చూశాను."

డాక్టరమ్మ చెయ్యి ఆ సీసా మీంచి లేచి రెండో దాని మీదికి వెళ్ళింది. "ఇది పట్టుకో," అంది నర్సుతో. "ఆ బాబుకి కూడా మార్చి ఇదే పెట్టు. ఇప్పుడే. తర్వాత ఆ ఊరి నర్సుకి ఫోన్ చెయ్యి. ఆ డ్రమ్ము ఎవరూ ముట్టుకోకూడదని చెప్పు."

బాబుకి కూడా! అయితే వాడింకా ఉన్నాడు. మూలన మేస్త్రి మొహం మీంచి తువ్వాలు తీశాడు. అతను సందడిని చూడలేదు. అత్తని చూశాడు. అత్త ఆ చూపు కింద నిలువునా చిన్నదైపోయింది. సందడికి ఆ క్షణాన నేలలోకి దిగిపోతే బాగుండనిపించింది. చెప్పకపోయి ఉంటే? ఆ సీసా మీదే చెయ్యి ఉండిపోయి ఉంటే? రెండూ ఒకే భయంగా కలిసిపోయాయి.

"బతుకుతుందా అమ్మా?" బావ అడిగాడు.

"తెల్లారేదాకా ఏమీ చెప్పలేను," అంది డాక్టరమ్మ. సూది ఆ సన్నటి చేతిలోకి దిగింది. బిడ్డ ఏడవలేదు. ఏడిస్తే బాగుండని గదిలో ఉన్న అందరూ అనుకున్నారు.

బిడ్డని లోపలి గదిలోకి మార్చారు. ఆ గదికి బరువైన తలుపు, తలుపు పక్కనే నీళ్ళు ధారగా వచ్చే కుళాయి, సబ్బు. నర్సు అక్కని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి తోసుకుపోతూ వెనక్కి తిరిగి, "తల్లికి తోడు ఒక్కరే రావాలి. మోచేతుల దాకా కడుక్కుని రండి," అంది.

గుడ్డల సంచి సందడి చేతిలో ఉంది. ఆ పిల్ల ఒక అడుగు ముందుకి వేసింది. అప్పటికే అత్త కుళాయి కింద చేతులు పెట్టింది. సబ్బు రాసింది, గోళ్ళ సందుల్లో రుద్దింది, మళ్ళీ రాసింది. గాజులు ఒక్కొక్కటే తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. నీళ్ళు ధారగా పారుతూనే ఉన్నాయి. కడగడం అయిపోయినా ఆవిడ కడుగుతూనే ఉంది.

"అత్తా!" లోపల్నుంచి అక్క గొంతు వచ్చింది, చిన్నపిల్ల గొంతులా. "అత్తా, నువ్వు రా."

అత్త కుళాయి కట్టేసింది. తడి చేతులు గాల్లో పైకెత్తి పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. సందడి సంచి అందించింది. అత్త దాన్ని మోచేతి మడతలోకి, ఆ పిల్ల వేళ్ళు తగలకుండా తీసుకుంది.

"అత్తా," అంది సందడి. "పాప లేవగానే నాకు చెప్పు."

అత్త చూసింది. ఆ చూపులో కోపముందో, ఏడుపుందో, ఏమీ లేదో సందడికి అర్థం కాలేదు. లోపల ఏదో యంత్రం ఆగకుండా కీచుకీచుమని కూసింది. ఎవరో పరుగెత్తిన చప్పుడు. అక్క మళ్ళీ పిలిచింది, ఈసారి మాటల్లేకుండా, ఒట్టి కేక.

అత్త లోపలికి అడుగుపెట్టి, వెనక్కి తిరగకుండానే, భుజంతో తోసి తలుపు మూసేసింది.